నెమ్మది పట్టీలు

1

ఇవాళ పట్టీలు వచ్చాయి.

ఆయమ్మ పోశవ్వ జావ కాస్తోంది. నేను చాపల మీది బొగ్గు నుసి దులుపుతున్నాను. గాలి ఆఫీసు మనిషి ఒక అట్టపెట్టె తెచ్చి గుమ్మం దగ్గర దించి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. పెట్టె నిండా పిల్లల మణికట్లకు సరిపోయే పట్టీలు. బూడిద రంగు, మెత్తటి రబ్బరు, ఒక్కోదాని మీద ఒక్కొక్కరి పేరు. వాటితోపాటు చిన్న తాళంచెవి. పట్టీ ఒకసారి బిగిస్తే ఆ తాళంచెవితో తప్ప ఊడదు. అది టీచరునైన నా మెడలోనే ఉండాలని రెండుసార్లు చెప్పాడు.

ఎందుకో మాకు ముందే తెలుసు. పెద్ద ఫ్యాన్లలో ఒకటి కాలిపోయింది. దానికి కావలసిన సామాను పైనుంచి రావాలి. పైన ఎండలు తగ్గి బండ్లు కదిలితే తప్ప రాదు. ఈలోగా ఉన్న గాలినే అందరూ సర్దుకోవాలి. ఎక్కడ ఎంత గాలి ఖర్చవుతోందో ఆఫీసువాళ్లు చూస్తే, బాయి మొత్తంలో ఎక్కువ మింగుతున్నవి మా బాలకేంద్రాలేనని తేలింది. తేలకేం చేస్తుంది? ఆరేళ్ల లోపు పిల్లలు నిద్రపోతే తప్ప కుదురుగా ఉండరు కదా.

బాయి అంటే మా ఊరే. ముత్తాతల నాడు ఇది బొగ్గు గని. బొగ్గు తవ్వేవాళ్లు గనిని బాయి అనేవారు. పైన బతకలేక జనం కిందికి దిగి కాపురాలు పెట్టాక కూడా ఆ పేరే మిగిలింది.

పట్టీలు నేనే కట్టాను. నాలుగేళ్ల ఓదెలు చెయ్యి పట్టుకోవడానికి పోశవ్వా నేనూ ఇద్దరం కావలసివచ్చింది. వాడు నా వేలు కొరికాడు. పట్టీ బిగిశాక కాసేపు అటూ ఇటూ చూశాడు. తర్వాత వెళ్లి చాప మీద కూచున్నాడు. మిగిలినవాళ్లూ ఒకరి తర్వాత ఒకరు అలాగే కూచున్నారు. పట్టీ లోపల ఏదో సన్నగా అదురుతూ ఉంటుంది. పిల్లి గుర్రుమన్నట్టు చేతికి తెలుస్తుంది. దాంతో పిల్లల ఊపిరి నిదానిస్తుందనీ, హాని ఏమీ లేదనీ చెప్పారు. నెమ్మది పట్టీ అన్న పేరు వాళ్లు పెట్టిందే.

మా గోడ మీద గాలి ఖర్చు చూపించే ముల్లు ఒకటి ఉంది. పిల్లలు ఆటలో ఉన్నంతసేపూ అది ఎర్ర గీత దగ్గర వణుకుతూ ఉండేది. ఇవాళ పచ్చ వైపు పోయి నిలబడింది.

"మంచిగైంది బిడ్డా, జర నడుం వాల్చొచ్చు" అంది పోశవ్వ. ఇన్నేళ్లలో ఆమె పగలు నడుం వాల్చడం నేను చూడలేదు. నాకూ ఆ నిశ్శబ్దం హాయిగానే ఉంది.

2

కథ చెప్పేటప్పుడు నాకొక అలవాటుంది. నక్క బావి అంచు దాకా వచ్చాక ఆపేసి, నీళ్లు తాగుతాను. పిల్లలు ఊరుకోరు. మీద పడతారు, కొంగు లాగుతారు, తర్వాతేమైందో చెప్పమని గోల చేస్తారు. ఆ గోల కోసమే ఆపుతాను. తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలని పిల్లలకు అనిపించడమే మా పనిలో సగం. శిక్షణలో మాకు మొదట నేర్పింది అదే.

ఇవాళ ఆపాను. నీళ్లు తాగాను. చెంబు కింద పెట్టాను. పిల్లలు నా వైపే చూస్తున్నారు. మొహాల్లో చిరునవ్వు ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు. నేను కథ పూర్తి చేయకుండానే లేచాను. అప్పుడూ అడగలేదు.

తర్వాత జావ పోసేటప్పుడు ఇంకొకటి జరిగింది. సమ్మి అని అయిదో ఏడు నడుస్తున్న పిల్ల, గిన్నె అందుకోబోయి చెయ్యి పొయ్యి మీది తపేలాకు ఆనించింది. ఆనించి తియ్యలేదు. పోశవ్వ చూసి చెయ్యి లాగేసరికి అరచెయ్యి ఎర్రగా కమిలిపోయింది. సమ్మి ఆ చేతిని తిప్పి తిప్పి చూసుకుంది. ఏడవలేదు. నేను మందు రాస్తూ నొప్పిగా ఉందా అని అడిగితే, ఉందని తల ఊపింది. అంతే.

పిల్లలు జావ తాగి పడుకున్నాక పోశవ్వ నా దగ్గరికి వచ్చి కూచుంది.

"బిడ్డా, ఏడ్సే పిల్లలను మస్తు మందిని సాకిన. నొప్పైతుంటే ఏడ్వని పోరిని సూడలే. నాకు భయమైతుంది" అంది.

3

జరిగింది జరిగినట్టు సూపర్‌వైజరుకు రాసి పంపించాను. సమాధానం కాగితంగా రాలేదు, సులోచనక్క రూపంలో వచ్చింది.

సులోచనక్క ఇప్పుడు బాయిలోని బాలకేంద్రాలన్నిటికీ సూపర్‌వైజరు. ఒకప్పుడు ఇద్దరం ఒకే గదిలో శిక్షణ తీసుకున్నాం. పిల్లల తరఫున మాట్లాడవలసి వస్తే వెనకాడనని ఒకే రోజు ప్రమాణం చేశాం. ఆమె వచ్చి పిల్లల మధ్య చాలాసేపు కూచుంది. సమ్మి చెయ్యి చూసింది. ఓదెలును ఒళ్లో కూచోబెట్టుకుని చక్కిలిగిలి పెట్టింది. వాడు మర్యాదగా నవ్వాడు.

బయటికి వచ్చాక, ఎవరికెంత గాలో తేల్చే గాలి సంఘం ముందు నేను మాట్లాడతానని చెప్పాను. బాలకేంద్రం టీచరుకు ఆ హక్కు ఉంది.

"స్వరూపా, నువ్వు చెప్పేది అబద్ధమని నేను అంటలేను" అంది. "కానీ ఒకటి ఆలోచించు. ఈ కేంద్రాలనే మూసేద్దామని సంఘంల సగం మంది అంటున్నరు. గాలి మస్తు తింటున్నయని. పట్టీలు వచ్చినంక ఆ మాట ఆగింది. నువ్వు పట్టీలు వద్దంటే వాళ్లు సరే అంటరు. పట్టీలు తీస్తరు, కేంద్రం మూస్తరు. ఆ తర్వాత పిల్లలకు ఇండ్లల్లనే పట్టీలేసి పండవెడ్తరు. అప్పుడు నువ్వు గూడ ఉండవు, పోశవ్వ గూడ ఉండదు."

పట్టీలకు ఒప్పుకుంటే పిల్లలు ఇలా ఉంటారు. ఒప్పుకోకపోతే నా కళ్లెదుట ఉండరు. ఎటు తిరిగినా గోడే. బాయిలో పుట్టి పెరిగినదాన్ని, గోడలు నాకు కొత్త కాదు. కానీ ఊపిరాడనట్టు అనిపించడం ఇదే మొదటిసారి.

4

సంఘం కంటే ముందు తల్లులతో మాట్లాడాలనుకున్నాను. వాళ్లు నా వెనక ఉంటే సులోచనక్క భయపడినట్టు జరగదు.

షిఫ్టు మారే వేళ అందరినీ కేంద్రానికి పిలిచాను. చాలామంది వచ్చారు. కూచున్నచోటే కునికిపాట్లు పడుతున్నారు. ఫ్యాను కాలినప్పటి నుంచి ఒక్కొక్కరూ రెండు షిఫ్టులు చేస్తున్నారు. కథ మధ్యలో ఆపితే పిల్లలు అడగకపోవడం గురించి చెప్పాను. వాళ్లకది పెద్ద విషయంగా తోచలేదు. సమ్మి చెయ్యి చూపించాను. సమ్మి తల్లి కళ్లు తుడుచుకుంది గానీ, పొయ్యి దగ్గరికి పిల్లను ఎందుకు రానిచ్చారని పోశవ్వను అడిగింది. అది న్యాయమైన ప్రశ్నే.

అప్పుడు ఓదెలు తల్లి భూలక్ష్మి లేచింది. ఫ్యాన్ల గదిలో పని. మగడు పోయాడు, ఒక్కతే పిల్లవాడిని సాకుతోంది. మనిషి గట్టిది, మాట కూడా గట్టిదే.

"టీచర్, మీరు తప్పు పట్టుకోవద్దు. పట్టీ రాకముందు నా కొడుకు నన్ను పండనిచ్చేటోడు కాదు. బాయి పైన ఏముంది, నాయిన యాడికి పోయిండు, ఫ్యాను ఎందుకు తిరుగుతది అని అడుగుడే. నిద్రలేక పనిల చెయ్యి మెషిన్ల పడబోయింది. ఇప్పుడు వాడు కూసుంటడు, తింటడు, పంటడు. నేను గూడ పంటున్న. వాడు నెమ్మదిగున్నడని మీకు బాధైతే, నేను సస్తే వాడేమైతడో గది గూడ చెప్పుండ్రి."

నేను పిల్లవాడి తరఫున మాట్లాడుతున్నాననుకున్నాను. ఆమె కూడా పిల్లవాడి తరఫునే మాట్లాడింది.

వెళ్లేటప్పుడు ఓదెలు చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది. గుమ్మం దాటేటప్పుడు వాడు వెనక్కి తిరిగి చూడలేదు. ఇదివరకు నాకు చెయ్యి ఊపకుండా పోయేవాడు కాదు.

5

తల్లులు లేకుండానే సంఘానికి వెళ్లాను.

సంఘం పెద్ద నరహరి గారు. ఆయన్ని కఠినుడని అనుకునేవాళ్లు ఉన్నారు. నాకు అలా అనిపించలేదు. మొహం పాలిపోయి ఉంది. ఆయన ఇంటికి గాలి అందరికంటే తక్కువ తీసుకుంటున్నారని మనుషులు అనుకోవడం విన్నాను. చూస్తే నిజమేననిపించింది. కూచోమని, చెప్పేదంతా అడ్డు రాకుండా విన్నారు.

పిల్లలు ఉరకడమూ అరవడమూ అల్లరి కాదనీ, వాళ్లు నేర్చుకునే పద్ధతే అదనీ చెప్పాను. అడగడం మానేసిన పిల్ల ఆరేళ్లకు బడికి వెళితే అక్కడ అడగడం కొత్తగా రాదని చెప్పాను. నొప్పికి ఏడవని పిల్ల ప్రాణానికే ముప్పని చెప్పాను.

ఆయన గోడ మీది ముల్లు వైపు వేలు చూపించారు. సంఘం గదిలోని ముల్లు బాయి మొత్తానిది.

"మీరు చెప్పిన నష్టం ఎప్పుడో వచ్చేది టీచర్ గారు. ఇది ఇప్పటిది. ఈ ముల్లు ఇంకొంచెం ఎర్రకు పోతే ముందుగాల ముసలోళ్లు పోతరు. నేను ఎవరి దిక్కు చూడాలె? పట్టీతోని ఇప్పటికిప్పుడు ప్రమాదమని చూపించుండ్రి. నేనే తీపిస్త."

అప్పుడు నాకు సైరన్ డ్రిల్ గుర్తొచ్చింది. పొగ వస్తే కేంద్రంలోని పిల్లలను రక్షణ గదికి ఎలా చేర్చాలో అప్పుడప్పుడూ సాధన చేయించడం టీచరు విధి. ఫ్యాను కాలిన తర్వాత అన్నీ వాయిదా పడినట్టే అదీ పడింది. డ్రిల్ జరిపించమని అడిగాను. మీరు కూడా వచ్చి చూడమన్నాను.

ఆయన కాదనలేదు.

6

డ్రిల్ అయింది.

నరహరి గారు, సులోచనక్క గోడ పక్కన నిలబడ్డారు. సైరన్ మోగింది. ఆ మోతకు పెద్దవాళ్ల గుండెలే జారిపోతాయి. ఇదివరకు డ్రిల్ అంటే పిల్లల్లో సగం మంది ఏడుస్తూ నా కాళ్లు చుట్టుకునేవాళ్లు, మిగతా సగం నాకంటే ముందే తలుపు దగ్గరికి ఉరికేవాళ్లు. వాళ్లను పట్టుకోలేక నవ్వూ విసుగూ కలిసి వచ్చేవి.

ఇవాళ ఒక్కరూ లేవలేదు. సైరన్ మోగుతున్నంతసేపూ చాపల మీద అలాగే కూచున్నారు. ఓదెలు చేతిలో పెంకు ముక్క ఉంది. దాంతో నేల మీద గీత గీస్తున్నాడు. గీత పూర్తయ్యే దాకా గీశాడు. లెమ్మని నేను అరిచాను. ఇద్దరు ముగ్గురు నా మొహంలోకి చూసి చిరునవ్వు నవ్వారు. పోశవ్వా నేనూ చెరో ఇద్దరిని చంకన వేసుకుని రక్షణ గదిలో దించి మళ్లీ వచ్చాం. దించిన పిల్లలు దించినచోటే ఉన్నారు. మళ్లీ ఎత్తుకున్నాం, మళ్లీ వచ్చాం. సులోచనక్క కూడా వచ్చి ఎత్తుకుంది. చివరికి నరహరి గారు సమ్మిని భుజాన వేసుకున్నారు. నిజంగా పొగ వచ్చి ఉంటే, చాలామంది పిల్లలు ఆ గదిలోనే మిగిలిపోయేవారు.

ఆయన సమ్మిని దించి నుదురు తుడుచుకున్నారు.

"మీరు చెప్పింది నిజమే టీచర్ గారు. ఇట్ల నడువది. దీనికి ఏదో ఒకటి చేయాలె" అన్నారు.

పోశవ్వ రాత్రికి బెల్లం వేసి జావ కాసింది. చాలా రోజుల తర్వాత ఇద్దరం కడుపునిండా తిన్నాం.

7

ఏదో ఒకటి చేశారు.

మళ్లీ అట్టపెట్టె వచ్చింది. మళ్లీ పట్టీలే. ఈసారి కొంచెం మందంగా ఉన్నాయి, తాళంచెవి మాత్రం పాతదే. సైరన్ మోగగానే ఈ పట్టీ పిల్లవాడిని లేపుతుందట. లేపి, వరసలో నిలబెట్టి, రక్షణ గది దాకా నడిపిస్తుందట. పిల్లలకు భయం ఉండదు, తొక్కిసలాట ఉండదు. మీరు లోపం చూపించినందుకే ఇంత మంచి వస్తువు తయారైందని కాగితంలో నా పేరు రాసి మెచ్చుకున్నారు.

పంజరంలో చిల్లు ఉందని చూపించాను. చిల్లు పూడ్చి ఇచ్చారు.

కట్టనని చెప్పాను. సులోచనక్క వచ్చింది. ఈసారి ఆమె కూచోలేదు. నేను కట్టకపోతే రెండో కేంద్రం టీచరు వచ్చి కడుతుందనీ, ఉత్తర్వు సిద్ధంగా ఉందనీ, అది తన సంచిలోనే ఉందనీ చెప్పింది. అది చెబుతున్నప్పుడు ఆమె నా కళ్లలోకి చూడలేదు.

పోశవ్వ పొయ్యి దగ్గర నుంచే అంది. "నువ్వు పోతే వచ్చేటామె వీళ్లను సూడది బిడ్డా. పట్టీలనే సూస్తది."

మొండికేసి బయటికి పోవడం సులువు. పోయి ఫ్యాన్ల గదిలో పనిచేసుకోవచ్చు. మనసు నిమ్మళంగా ఉంటుంది. కానీ ఓదెలు ఇక్కడే ఉంటాడు, సమ్మి ఇక్కడే ఉంటుంది. నేను కట్టడానికి ఒప్పుకున్నాను. ఒక్క షరతు పెట్టాను. కొత్త పట్టీలతో డ్రిల్ చేసేటప్పుడు తల్లులందరూ వచ్చి చూడాలి. ఆ షరతు విని నరహరి గారు సంతోషించారని సులోచనక్క చెప్పింది. పని బాగా కుదిరిందని ఆయనకు నమ్మకం. తల్లులు చూస్తే వాళ్ల మనసు కూడా కుదుటపడుతుందని ఆయన అనుకున్నారు.

నిజానికి నాకే ఏమీ తెలియదు. తల్లులు చూసి మెచ్చుకుంటారేమో. అప్పుడిక నాకు చెప్పుకోవడానికి ఎవరూ మిగలరు.

పట్టీలు కడుతుంటే ఓదెలు చెయ్యి తనంతట తనే చాపాడు.

8

తల్లులు సొరంగం గోడ వెంట బారుగా నిలబడ్డారు. కొందరు షిఫ్టు నుంచి నేరుగా వచ్చారు, మొహాల మీద మసి అలాగే ఉంది. కేంద్రం నుంచి రక్షణ గదికి వెళ్లే దారి వాళ్ల ముందునుంచే. నరహరి గారు, సులోచనక్క తలుపు దగ్గర ఉన్నారు.

సైరన్ మోగింది. పిల్లలందరూ ఒకేసారి లేచారు. ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. తలలు నిటారుగా, చేతులు రెండు పక్కలా. ఒకే అడుగు, ఒకే చప్పుడు. తల్లుల్లో ఎవరో చూడముచ్చటగా ఉందని గొణిగారు.

వరస తల్లుల ముందుకు వచ్చింది. సమ్మి తల్లి, సమ్మీ అని మెల్లగా పిలిచింది. సమ్మి తిరగలేదు. అడుగు తప్పలేదు. ఇంకొకామె తన పిల్లవాడిని పిలిచింది. వాడూ తిరగలేదు. గోడ వెంట గుసగుసలు ఆగిపోయాయి. ఓదెలు భూలక్ష్మి ముందుకు వచ్చాడు. ఆమె కొంగు వాడి మొహానికి తగిలింది. వాడు కళ్లు ఆర్పలేదు.

"ఓదెలూ" అంది. "ఓదెలూ, అమ్మనురా."

వాడు నడిచిపోతున్నాడు. ఆమె వరసలోకి వెళ్లి వాడిని ఎత్తుకుంది. ఎత్తుకున్నాక కూడా వాడి కాళ్లు ఆగలేదు. తల్లి చంకలో, గాలిలో, ఒక అడుగు తర్వాత ఒక అడుగు, వెనకాల పిల్లల అడుగులతో కలిసి నడుస్తూనే ఉన్నాయి. ఆమె ఒక చేత్తో ఆ కాళ్లను అదిమి పట్టుకోవాలని చూసింది. ఆగలేదు.

భూలక్ష్మి నా వైపు తిరిగింది. ఆ మొహం నేను మళ్లీ చూడలేను.

"తాళం ఇయ్యి టీచర్" అంది.

నరహరి గారు వద్దన్నారు. డ్రిల్ పూర్తికానివ్వమన్నారు. తాళంచెవి టీచరు మెడ దాటితే పని పోతుందని ఆయన చెప్పనక్కర్లేదు, అది నాకు తెలుసు. సులోచనక్క నన్నే చూస్తోంది. వద్దని అనలేదు, ఇమ్మని కూడా అనలేదు. నేను మెడలోంచి తీసి భూలక్ష్మి చేతిలో పెట్టాను.

పట్టీ ఊడింది. వాడి కాళ్లు ఒక్కసారిగా ఆగి వేలాడాయి. తర్వాత ఓదెలు తల్లి మొహం చూశాడు. నోరు తెరిచాడు. చాలా రోజుల ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. ఒళ్లంతా కొట్టుకుంటూ, తల్లి మెడ గీరుతూ, ఊపిరి తిరగనంతగా ఏడ్చాడు. ఆమె వాడిని ఊరుకోబెట్టలేదు. నేల మీద చతికిలబడి, వాడిని పట్టుకుని, తనూ ఏడ్చింది.

తాళంచెవి ఆమె చేతిలోంచి సమ్మి తల్లి తీసుకుంది. ఆమె నుంచి పక్కామె. సైరన్ ఎవరు ఆపారో తెలియదు. అది ఆగినా ఎవరికీ తేడా తెలియలేదు. సొరంగమంతా పిల్లల ఏడుపే.

9

ముల్లు ఎర్ర గీత దాటింది.

నిన్న అంతా గోలలోనే గడిచింది. ఇవాళ సంఘం పెట్టారు. గది చాలక జనం బయట నిలబడ్డారు. నరహరి గారు కోపం చేయలేదు. చేసినా బాగుండేది. మూల ఇండ్లలో ఇద్దరు ముసలివాళ్లకు ఆయాసం ఎక్కువైందనీ, దవాఖానలో పడుకోబెట్టామనీ చెప్పారు.

"నేను మీకు అబద్ధం చెప్పలే. గాలి లేదు. పిల్లలు ఉరికితే ఎవరో ఒకరు ఊపిరి ఇయ్యాలె. ఎవరు ఇస్తరో మీరే చెప్పుండ్రి" అన్నారు.

ఆయన నిజం చెబుతున్నారని అందరికీ తెలుసు. ఇన్నాళ్లూ నేను పిల్లల గురించే మాట్లాడాను. వాళ్లకు ఇవ్వవలసింది ఎక్కణ్నుంచి తేవాలో ఒక్కసారి కూడా చెప్పలేదు. అందుకే నా మాట ఎక్కడికక్కడ గోడకు కొట్టుకుని తిరిగొచ్చింది. లేచి, పెద్దవాళ్లం ఇద్దామన్నాను. పిల్లలు ఆడుకునే పూట బాయిలో పెద్దవాళ్లందరూ పని ఆపి, ఎక్కడివాళ్లక్కడ కదలకుండా కూచుంటే ఆ మిగిలిన గాలి పిల్లలకు వస్తుంది. పట్టీ మనమే కట్టుకున్నట్టు అనుకుందామన్నాను.

చాలా వాదన జరిగింది. పని ఆగితే వంట ఎవరు చేస్తారు, నీళ్లు ఎవరు తోడతారు, ఫ్యాన్ల గదిలో ఎవరుంటారు అని అడిగారు. పిల్లలు లేనివాళ్లు మేమెందుకు కూచోవాలన్నారు. ఒకతను, రెండు షిఫ్టులకు తోడు ఇదొకటా అని లేచి వెళ్లిపోయాడు. అతని వెనక ఇంకొందరు వెళ్లారు. పట్టీలే మేలని, పిల్లలకు మళ్లీ కట్టిస్తామని ఇద్దరు తల్లులు అన్నారు. వాళ్ల మొహాల్లో అలసట కనిపిస్తోంది.

భూలక్ష్మి వాదించలేదు. ఓదెలు ఆమె భుజం మీద నిద్రపోతున్నాడు. మెడ మీద వాడు గీరిన గాట్లు ఎర్రగా ఉన్నాయి.

"నిన్నంత నన్ను నిద్రపోనియ్యలే" అంది. "మళ్ల అవే ప్రశ్నలు. బాయి పైన ఏముంది అని. నాకు తెల్వదు అని చెప్పిన. వీనికి పట్టీ ఎయ్య. కూసొమ్మంటే కూసుంట."

సంఘం ఎటూ తేల్చలేదు. ఫ్యాను సామాను వచ్చేదాకా ప్రయత్నించి చూద్దామనీ, ముల్లు ఎర్ర గీత దాటిన రోజు మళ్లీ పట్టీలేననీ అన్నారు. పట్టీలు పారేయలేదు. సంఘం గది మూలలోనే పెట్టెల్లో ఉన్నాయి.

ఉత్తర్వు దాటినందుకు నన్ను పని నుంచి ఆపారు. విచారణ అయ్యేదాకా కేంద్రం గడప తొక్కకూడదు. నా చోట ఎవరొస్తారని అడిగితే సులోచనక్క లేచి, తనే వస్తానంది. సూపర్‌వైజరు కుర్చీ నుంచి కింది చాప మీదికి ఎవరూ దిగి రారు. ఆమె దిగింది.

10

మొదటి ఆట పూట ఇవాళే.

గంట కొట్టగానే బాయి మెల్లమెల్లగా ఆగింది. బండ్లు ఆగాయి, రోళ్లు ఆగాయి, మాటలు ఆగాయి. అందరూ కూచోలేదు. దూరంగా ఎక్కడో ఎవరో పట్టుదలగా సుత్తితో కొడుతూనే ఉన్నారు. కానీ మా సొరంగంలో గోడకు ఆనుకుని మనుషులు బారుగా కూచున్నారు. పిల్లలు లేని ఒక ముసలి జంట చేతులు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. అవతలి పక్క, తలుపు తెరిచిన సంఘం గదిలో నరహరి గారు బాయి ముల్లు ఎదురుగా నేల మీద కూచున్నారు. నేను కేంద్రం గోడకు ఇవతల, భూలక్ష్మి పక్కన కూచున్నాను.

మొదట లోపల ఏమీ వినిపించలేదు. పిల్లలు లేవడం మరిచిపోయారేమో అనుకున్నాను. తర్వాత ఎవరో రెండడుగులు వేసిన చప్పుడు. ఇంకెవరో నవ్వారు. ఆ తర్వాత పోశవ్వ ఎవరినో తిట్టడం, పాదాలు నేలను బాదడం, గుంపుగా అరుపులు. ముల్లు కదిలింది. నరహరి గారు ఊపిరి బిగపట్టి దాన్నే చూస్తున్నారు. గీతకు ఇవతలే వణుకుతూ నిలబడింది.

లోపల ఏదో ధబ్బున పడింది. సమ్మి ఏడుపు ఎత్తుకుంది. గొంతు చించుకుని, ఎవరో తోశారని చెబుతూ ఏడుస్తోంది. దెబ్బ గట్టిగా తగిలి ఉంటుంది. నాకు తెలియకుండానే లేవబోయాను. భూలక్ష్మి నా మోచెయ్యి పట్టుకుని కిందికి లాగింది. నేను లోపలికి పోకూడదు. లేచి ఇంత గాలి వాడుకోనూ కూడదు. అవతల సమ్మి తల్లి రెండు చేతులతో చీర కుచ్చిళ్లు గుప్పిట పట్టుకుని, కదలకుండా, పిల్ల ఏడుపు వింటూ కూచుంది. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

నేను వెనక్కి ఆనుకుని, గోడకు చెవి పెట్టి, ఊపిరి మెల్లగా తీసుకున్నాను.